కోడెతో కలిసి పుట్టిన పెయ్యదూడ, పడని మాయ, ముర్రుపాలు: ఏం చేయాలి?

మెట్ట_పాడిరైతు (ఉదయం 6:10)
అందరికీ నమస్కారం. మాది ప్రకాశం జిల్లా. నాలుగు హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) క్రాస్ ఆవులు, రెండు ముర్రా గేదెలు ఉన్నాయి. నిన్న రాత్రి పదకొండింటికి మూడో ఈత ఆవు కవలల్ని ఈనింది. ముందు కోడెదూడ, ఇరవై నిమిషాలకి పెయ్యదూడ. రెండూ లేచి నిలబడ్డాయి. మాయ మాత్రం ఇంకా పడలేదు, వెనక మూరెడు పొడవున వేలాడుతోంది.

మాయ పడేదాకా దూడల్ని పొదుగు దగ్గరికి వదలొద్దని మా పెదనాన్న అంటున్నాడు. పక్కింటాయన మాయకి రాయి కట్టమన్నాడు. ఇంకొకాయన వచ్చి, కోడెతో పుట్టిన పెయ్య గొడ్డుపోతుంది, దానికి పాలు దండగ, అమ్మేయ్ అన్నాడు. డాక్టరు గారు పదింటి తర్వాత వస్తానన్నారు. రాత్రంతా నిద్ర లేదు, టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

రిటైర్డ్_పశువైద్యుడు (ఉదయం 6:25)
బాబూ, ముందు దూడల్ని వదిలెయ్యి. ఈ క్షణమే. ఏడు గంటలు గడిచిపోయాయి. ఆవు కడుపులో ఉండగా దూడకి తల్లి రక్తం నుంచి రక్షణ అందదు, మన ఆడవాళ్ళ కాన్పులా కాదు. ఆవు మాయ నిర్మాణం వేరు. ఆ రక్షణ ఇచ్చే యాంటీబాడీలు మొత్తం ముర్రుపాలలోనే వస్తాయి. దూడ పేగు వాటిని మొదటి కొన్ని గంటల్లోనే బాగా పీల్చుకుంటుంది, ఒక రోజు దాటితే ఆ తలుపు మూసుకుపోతుంది. దూడ పాతిక కిలోలుంటే రెండున్నర లీటర్ల దాకా పట్టాలి. కవలలు కాబట్టి సన్నగా ఉంటాయి, సొంతంగా చీకలేకపోతే పితికి గోరువెచ్చగా సీసాతో పట్టు.

దూడ చీకితే తల్లి ఒంట్లో ఆక్సిటోసిన్ అనే హార్మోన్ వస్తుంది, గర్భసంచి ముడుచుకుంటుంది, మాయ పడటానికీ అదే సాయం. పెద్దాయన మాట కాదనడం కష్టమే, కానీ ఈ ఒక్క విషయంలో వినొద్దు.

మాయకి రాయి, ఇటుక, చెప్పు ఏదీ కట్టొద్దు, లాగొద్దు. గర్భసంచి లోపలి పొర చిరుగుతుంది, ఒక్కోసారి సంచే బయటికి జారుతుంది. పన్నెండు గంటలు చూద్దాం. జ్వరం చూసి డాక్టరుకి చెప్పు.

కరీంనగర్_డెయిరీ (ఉదయం 7:02)
పెయ్య విషయం మాత్రం మీ ఊరాయన చెప్పింది నిజమే అన్నా. నాలుగేళ్ళ కింద సంతలో ఒక పెయ్యని కొన్నాను. బొమ్మలా ఉండేది, నల్లమచ్చలు, మంచి ఎత్తు. కవల అని అమ్మినాయన చెప్పలేదు. రెండున్నరేళ్ళు దాణా పెట్టాను. ఎదకి రాలేదు. మినరల్ మిక్చర్ మార్చాను, నులిపురుగుల మందు తాగించాను, ఎదకి తెచ్చే ఇంజక్షన్లు వేయించాను. చివరికి ఒక డాక్టరు గారు చేయి పెట్టి చూసి, లోపల గర్భసంచే లేదు, దారంలాంటిది ఉంది అన్నారు. ఆ రోజు కొట్టంలో కూర్చుని చాలాసేపు లేవలేదు. ముందే తెలుసుకుని పెంచడం వేరు, తెలియక మోసపోవడం వేరు.

మెట్ట_పాడిరైతు (ఉదయం 7:40)
డాక్టరు గారూ, రెండింటికీ పట్టాను. కోడెదూడ రెండు లీటర్లు తాగింది. పెయ్య లీటరుంబావు తాగి పడుకుంది, మళ్ళీ గంటకి పడతాను. పెదనాన్న కోపంగానే ఉన్నాడు.

ఒకటి అర్థం కావడం లేదు. రెండు దూడలూ ఒకే తల్లి కడుపులో పెరిగాయి. కోడె బాగుండి పెయ్య ఎందుకు చెడిపోవాలి?

గన్నవరం_విద్యార్థిని (ఉదయం 9:15)
నేను వెటర్నరీ మూడో సంవత్సరం. అన్నా, ఇది మొన్ననే చదువుకున్నాం.

ఆవు కడుపులో కవలలు పడితే చూడి కట్టిన నెల, నెలన్నర మధ్యలో రెండు పిండాల మాయలూ ఒకదానికొకటి తగులుకుంటాయి. చాలాసార్లు వాటి రక్తనాళాలు కలిసిపోతాయి. అప్పటినుంచి ఇద్దరి రక్తం ఇద్దరిలో తిరుగుతుంది. కోడె పిండానికి వృషణాలు ముందే తయారవుతాయి. అవి వదిలే ఒక హార్మోన్ పని, మగపిండంలో గర్భసంచి తయారుకాకుండా ఆపడం. అది రక్తంతోపాటు పెయ్యలోకి వెళ్ళి అక్కడా అదే పని చేస్తుంది. అందుకే గర్భసంచి, అండాశయాలు సరిగా ఎదగవు. 1916లోనే లిల్లీ అనే శాస్త్రవేత్త ఈ సంగతి రాశాడు. ఇంగ్లీషులో ఇలాంటి పెయ్యని ఫ్రీమార్టిన్ అంటారు.

కోడెతో పుట్టిన పెయ్యల్లో పదింట తొమ్మిదికి పైగా ఇలాగే అవుతాయి. మిగిలిన ఆ ఒక్కటి రక్తనాళాలు కలవనిది, అది మామూలుగా చూడి కడుతుంది. మీ పెయ్య ఆ ఒక్కటేమో ఇప్పుడే చెప్పలేం. పరీక్ష చేయించేదాకా అమ్మకండి.

ఎడిన్‌బరో_తెలుగు (మధ్యాహ్నం 1:30)
నేను ఇక్కడ పశువుల రోగనిరోధక శక్తి మీద పనిచేస్తున్నాను, మా నాన్న తెనాలి దగ్గర పాడిరైతు. చెల్లి చెప్పింది సరైనది. ఈ కలిసిన రక్తం కథ ఇంకా ముందుకెళ్తుంది. ఈ రోజు మనుషులకి కిడ్నీ మార్పిడి చేస్తున్నామంటే అందులో కవల దూడల పాత్ర చాలా ఉంది.

అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీలో 1940లలో ఆవుల రక్తం గ్రూపులు చూసి ఏ దూడకి ఏ ఆబోతు తండ్రో తేల్చేవారు. మేరీలాండ్ నుంచి ఒక రైతు రాశాడు: గర్న్‌సీ జాతి ఆవుని గర్న్‌సీ ఆబోతుకి కట్టించాను, అదే రోజు హెర్‌ఫర్డ్ జాతి ఆబోతు కూడా దాని మీద పడింది, కవలలు పుట్టాయి, ఒకటి గర్న్‌సీలా, ఇంకొకటి హెర్‌ఫర్డ్‌లా తెల్లమొహంతో ఉన్నాయి అని. అంటే తండ్రులు వేరు. రక్తం పరీక్షిస్తే రెండు దూడల్లోనూ ఇద్దరు తండ్రుల గుర్తులూ దొరికాయి. రే ఓవెన్ అనే ఆయన దీని వెంట పడ్డాడు. ఒక దూడ ఒంట్లో రెండు రకాల ఎర్రకణాలు ఉన్నాయి, సొంతవి కొన్ని, తోడబుట్టినదానివి కొన్ని. ఎర్రకణం కొద్ది నెలలే బతుకుతుంది. పెద్దయ్యాక కూడా ఆ రెండు రకాలూ ఉన్నాయంటే, రక్తాన్ని తయారుచేసే మూల కణాలే అటూఇటూ వెళ్ళి ఎముక మజ్జలో స్థిరపడ్డాయన్నమాట. పరాయి కణాల్ని ఒళ్ళు తరిమేయాలి కదా, ఎందుకు తరమలేదు? 1945లో ఓవెన్ ఇది ప్రచురించాడు.

తర్వాత ఇంగ్లండులో మెడవార్ అనే శాస్త్రవేత్త. ఒకే పోలిక కవలల్నీ, వేర్వేరు అండాల కవలల్నీ ఎలా విడదీయాలని 1948లో ఒక సభలో ఆయన్ని అడిగారు. చాలా తేలిక, ఒకదాని చర్మం ముక్క ఇంకొకదానికి అతికించి చూడండి, ఒకే అండం నుంచి వచ్చినవైతే అతుక్కుంటుంది, కాకపోతే ఊడిపోతుంది అన్నాడు. తీరా దొడ్లోకి వెళ్ళి చేసి చూస్తే దాదాపు అన్ని కవలలకీ అతుక్కుంది. కోడె చర్మం పెయ్యకి, పెయ్య చర్మం కోడెకి కూడా. కడుపులో ఉన్నప్పుడే పరిచయమైన కణాన్ని ఒళ్ళు సొంతదనే అనుకుంటుందని అలా తెలిసింది. ఆ మీద 1953లో ఎలుకల్లో నిరూపించారు. 1960లో మెడవార్‌కి, ఇదే విషయం మీద పనిచేసిన బర్నెట్‌కి నోబెల్ వచ్చింది. అందులో ఓవెన్‌కీ భాగం ఉండాల్సిందని మెడవారే ఆయనకి ఉత్తరం రాశాడు.

మీ కొట్టంలో రాత్రి పుట్టిన రెండు దూడలూ ఒకదాని రక్తం ఒకటి మోసుకుని తిరుగుతూ ఉండొచ్చు. నాకు ఇది ఎన్నిసార్లు తలుచుకున్నా ఒళ్ళు పులకరిస్తుంది.

ఒంగోలు_గిత్త (మధ్యాహ్నం 2:20)
చదవడానికి బాగుంది సార్. కానీ అక్కడ రైతు మాయ పడక కూర్చున్నాడు. మా ఒంగోలు ఆవుల్లో మాయ ఆగడం చాలా తక్కువ చూశాను, క్రాసుల్లో ఎప్పుడూ ఇదే గోల. దానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?

ఎడిన్‌బరో_తెలుగు (సాయంత్రం 4:05)
ఉంది. మంచి ప్రశ్న అడిగారు.

ప్రతి కణం పైన దాని సొంతదారు ఎవరో చెప్పే గుర్తులుంటాయి. వాటినే కణజాల యాంటీజెన్లు అంటారు. మనుషుల్లో హెచ్‌ఎల్‌ఏ అంటారు, కిడ్నీ ఇచ్చే ముందు మ్యాచింగ్ చూసేది వాటినే. ఆవుల్లో వీటి పేరు బోలా. 1978లో అమెరికాలో ఒక బృందం, ఇక్కడ ఎడిన్‌బరోలో ఒక బృందం వీటిని మొదట వివరించాయి. ఈ జన్యువులు ఆవు 23వ క్రోమోజోము మీద ఉంటాయి. దూడకి తల్లి నుంచి ఒక సెట్టు, తండ్రి నుంచి ఒక సెట్టు వస్తాయి. కాబట్టి దూడ ఎప్పుడూ తల్లికి సగం సొంతం, సగం పరాయి.

మరి తొమ్మిది నెలలు తల్లి ఒళ్ళు ఆ పరాయి సగాన్ని ఎలా ఊరుకుంది? మాయ అంచు కణాలు ఈ గుర్తుల్ని దాచిపెట్టుకుంటాయి. నెలలు నిండే సమయానికి కొన్నిచోట్ల బయటపెడతాయి. అప్పుడు తల్లి తెల్లకణాలు వీళ్ళు మనవాళ్ళు కాదని గుర్తుపట్టి ఆ అతుకుని వదిలించడానికి సాయపడతాయి. నెదర్లాండ్స్‌లో 1991లో ఒక బృందం, తల్లికీ దూడకీ ఈ గుర్తుల్లో క్లాస్ 1 రకం కలిసిపోయినప్పుడు మాయ ఆగిపోవడం ఎక్కువని చూపించింది. అంటే దూడ తల్లికి మరీ సొంతమైపోతే తల్లి ఒంటికి దాన్ని వదలాలన్న కబురు బలంగా అందదు.

ఒకే ఆబోతు వీర్యం దాని కూతుళ్ళకి, మనవరాళ్ళకి వేసుకుంటూ పోతే ఈ పోలిక పెరుగుతుంది. కాబట్టి ఆవుకి వీర్యం సూది వేయించేటప్పుడు ఆబోతు నంబరు రాసిపెట్టుకోండి.

రిటైర్డ్_పశువైద్యుడు (సాయంత్రం 4:50)
ఇది నిజమే, కానీ మన పల్లెల్లో మాయ ఆగడానికి ముందు చూడాల్సినవి వేరు. కవలలు పుడితే మాయ ఆగే అవకాశం ఎక్కువ, ఎందుకంటే నెలలు పూర్తిగా నిండకుండానే ఈనుతుంది. కాల్షియం తగ్గడం, సెలీనియం, విటమిన్ ఈ తక్కువ కావడం, కష్టమైన ఈత కూడా కారణాలే. క్రాసులకి పాలు ఎక్కువ, కాల్షియం లాగుడూ ఎక్కువ. గిత్త గారు చూసిన తేడాలో ఇవన్నీ కలిసి ఉంటాయి, ఒక్క జన్యువు మీద వేయలేం. నేను ముప్పై ఏళ్ళు కొట్టాలు తిరిగాను. ఒట్టిపోయిన రెండు నెలల్లో మినరల్ మిక్చర్ సరిగా పెట్టిన ఇంట్లో మాయ కేసులు సగానికి సగం తక్కువ ఉండేవని నా అనుభవం.

మెట్ట_పాడిరైతు (సాయంత్రం 6:30)
మధ్యాహ్నం పన్నెండున్నరకి మాయ దానంతట అదే పడింది! డాక్టరు గారు వచ్చేసరికి సగం జారి ఉంది. ఆయన కాల్షియం ఎక్కించారు, జ్వరం లేదన్నారు. పెయ్య కూడా మళ్ళీ లీటరు తాగింది. పెదనాన్న మాయని వేపచెట్టు కింద పూడ్చి వచ్చి, సరేలే అన్నాడు. అందరికీ దండాలు.

గన్నవరం_విద్యార్థిని (రాత్రి 8:10)
చాలా సంతోషం అన్నా.

ఎడిన్‌బరో సార్‌కి ఒక ప్రశ్న. ఈనేటప్పుడు దూడ కణాలు కొన్ని తల్లి రక్తంలో కలుస్తాయి కదా. అప్పుడు తండ్రి వైపు గుర్తుల మీద తల్లికి యాంటీబాడీలు రావాలి. అవి ముర్రుపాలలో దూడకి వెళ్తే ప్రమాదం కాదా?

ఎడిన్‌బరో_తెలుగు (రాత్రి 10:40)
చెల్లీ, నువ్వు ఈ రంగంలోకి రావాలి. నిజంగానే చాలా ఈతలు ఈనిన ఆవుల రక్తంలో అలాంటి యాంటీబాడీలు ఉంటాయి. బోలా రకాల్ని గుర్తించడానికి తొలి రోజుల్లో ఆ రక్తం నుంచి తీసిన సీరమే పనికొచ్చింది. మామూలుగా వాటి మోతాదు తక్కువ, దూడకి ఏమీ కాదు.

కానీ ఒకసారి చాలా ఘోరం జరిగింది. యూరప్‌లో 2007 ప్రాంతం నుంచి రెండు మూడు వారాల దూడలు రక్తం కారి చనిపోవడం మొదలైంది. చెవికి ట్యాగు కుట్టిన చోట, సూది గుచ్చిన చోట రక్తం ఆగేది కాదు. కొన్నింటికి చెక్కుచెదరని చర్మం మీద చెమట బొట్లలా రక్తం. మజ్జ ఎండిపోయి ఉండేది. జబ్బు పడినవాటిలో పదింట తొమ్మిది పోయాయి. జర్మనీలోనే వేలల్లో కేసులు.

వైరస్ అనుకున్నారు, విషం అనుకున్నారు. చివరికి తేలింది ఇది: ఆ తల్లులకి బీవీడీ అనే వైరస్ జబ్బుకి ఒక టీకా వేశారు. ఆ వైరస్‌ని ఆవు కిడ్నీ నుంచి వచ్చిన కణాల్లో పెంచారు. టీకాలో ఆ కణాల గుర్తులు, అంటే బోలా క్లాస్ 1 ముక్కలు మిగిలిపోయాయి. టీకా ప్రభావాన్ని పెంచడానికి కలిపిన మందు చాలా బలమైనది. ఆ గుర్తులు తమలో లేని ఆవులు వాటి మీద గట్టి యాంటీబాడీలు తయారుచేశాయి. అవి ముర్రుపాలలోకి చేరాయి. దూడకి తండ్రి వైపు నుంచి అలాంటి గుర్తులే వచ్చి ఉంటే, తల్లి పాలే దాని రక్తకణాల్ని, మజ్జని చంపేశాయి. 2010లో అమ్మకాలు ఆపారు. ఆ ఆవులు తర్వాతి ఈతల్లో కూడా ప్రమాదమే, అందుకని వాటి దూడలకి వేరే ఆవుల ముర్రుపాలు పట్టాల్సి వచ్చింది.

గోపాలమిత్ర_మెదక్ (మర్నాడు ఉదయం 5:55)
అన్నలూ, ఈ పోస్టు చదివి నాకు భయమేసింది. నేను ఊరూరా తిరిగి గాలికుంటు టీకాకి రైతుల్ని ఒప్పించేసరికి తలప్రాణం తోకకొస్తుంది. టీకా వేస్తే పాలు తగ్గుతాయని ఇప్పటికే దాచేస్తారు. ఇది వాట్సాప్‌లో తిరిగితే ఒక్క ఆవునీ బయటికి తీసుకురారు. దయచేసి తేడా ఏంటో కూడా రాయండి.

ఎడిన్‌బరో_తెలుగు (ఉదయం 11:20)
మీరు అడగడం మంచిదైంది అన్నా. నేనే రాయాల్సింది, తప్పు నాది.

గాలికుంటు టీకా వైరస్‌ని పెంచేది హ్యామ్‌స్టర్ అనే ఎలుక జాతి జంతువు కిడ్నీ కణాల్లో. అందులో ఆవు గుర్తులు ఉండవు. హ్యామ్‌స్టర్ ముక్కల మీద తల్లికి యాంటీబాడీలు వచ్చినా అవి దూడ కణాల మీద పడవు. యూరప్‌లో జరిగింది ఆ ఒక్క టీకాతోనే. గాలికుంటు వస్తే ఆవు నోరు పుండై, గిట్ట ఊడి, ఆ ఈతంతా పాలు పోయి కుటుంబం కూలిపోతుంది. టీకా మానొద్దు. ఎవరైనా నా పోస్టు పంచుకుంటే ఇది కూడా కలిపి పంచండి.

గోపాలమిత్ర_మెదక్ (ఉదయం 11:45)
ఇది చాలు అన్నా. రేపు గ్రామసభలో ఇదే చెప్తాను.

ఒంగోలు_గిత్త (మధ్యాహ్నం 3:30)
నా అసలు బాధ చెప్తాను. మా తాత దగ్గర పన్నెండు ఒంగోలు ఆవులుండేవి. గోమార్లు పట్టినా జ్వరం తెలిసేది కాదు. ఇప్పుడు మా అన్న దగ్గర హెచ్‌ఎఫ్ క్రాసులు. పోయిన ఎండాకాలం గోమార్ల వల్ల వచ్చే థైలేరియా జబ్బుతో ఒకటి పోయింది, మెడ దగ్గర గడ్డలు, కళ్ళు తెల్లబడి, నాలుగు రోజుల్లో. దాని మందు బ్యూపర్వాక్వోన్ ఇంజక్షన్ దొరికేసరికి ఆలస్యమైంది. దేశవాళీ రక్తంలో ఆ బోలా ఏదో గట్టిగా ఉంటుందా?

ఎడిన్‌బరో_తెలుగు (సాయంత్రం 5:10)
మీ బాధ అర్థమైంది. ఇక్కడి రోస్లిన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు మన దేశవాళీ జాతి సాహివాల్ దూడలకీ, హోల్‌స్టీన్ దూడలకీ అదే థైలేరియా ఇచ్చి పోల్చారు. 2005లో వచ్చిన పరిశోధన అది. సాహివాల్ దూడలకి జబ్బు సోకినా జ్వరం తక్కువ, తేరుకున్నాయి. తేడా ఎక్కువగా మాక్రోఫేజ్ అనే కణాలు మంటపుట్టించే తీరులో కనిపించింది. కాబట్టి బోలా ఒక్కటే కారణం అనలేం.

బోలా పని సూటిగా కనిపించేది ఇంకోచోట. ఆవుల ల్యుకీమియా వైరస్ ఉంది. బోలాలో డీఆర్‌బీ3 అనే ఒక్క జన్యువుకే వందల రకాలున్నాయి. జపాన్ పరిశోధనల్లో 009:02 రకం ఉన్న ఆవుల ఒంట్లో ఆ వైరస్ చాలా తక్కువ, 015:01 రకం ఉన్న హోల్‌స్టీన్లలో ఎక్కువ అని తేలింది.

గన్నవరం_విద్యార్థిని (సాయంత్రం 6:00)
అలాగైతే అన్నింటినీ ఆ మంచి రకానికే పెంచుకోవచ్చు అనిపిస్తుంది. కానీ మా మేడం ఒప్పుకోరు. ఒక జబ్బుకి మంచిదైన రకం ఇంకో జబ్బు ముక్కని పట్టుకోలేకపోవచ్చు. మందలో రకరకాల గుర్తులు ఉంటేనే కొత్త జబ్బు వచ్చినప్పుడు కొన్నైనా నిలబడతాయి. వైరస్ సోకిన కణాన్ని చంపాలంటే టీ కణం అనే తెల్లకణం ఈ గుర్తుని కూడా చూసి తీరాలని 1974లో కనిపెట్టిన ఇద్దరిలో పీటర్ డోహర్టీ పశువైద్యుడు. 1996లో నోబెల్ వచ్చింది. మా క్లాసులో ఈ మాట చెప్పినప్పుడు అందరం చప్పట్లు కొట్టాం.

అందుకే ఒంగోలు, పుంగనూరు ఆవులు మిగలాలి గిత్త గారూ. వాటిలో ఏయే రకాలున్నాయో పూర్తిగా చూడకముందే పోగొట్టుకుంటే మళ్ళీ తెచ్చుకోలేం.

మెట్ట_పాడిరైతు (ముప్పై నాలుగు రోజుల తర్వాత)
అందరికీ మళ్ళీ నమస్కారం. పెయ్యకి పరీక్ష చేయించాను. డాక్టరు గారు మొన నున్నగా ఉన్న గాజు గొట్టానికి జెల్లీ రాసి, మానం లోపలికి మెల్లగా, ఏటవాలుగా పెట్టారు. నేను తోక పట్టుకున్నాను. ఈ వయసు మామూలు పెయ్యకి పన్నెండు సెంటీమీటర్ల పైనే వెళ్తుందట. ఆరు దగ్గర ఆగిపోయింది. గొట్టం మీద ఆయన బొటనవేలు పెట్టి గుర్తు చూపించారు. ఇంకోసారి పెట్టినా అంతే. మానం కింద వెంట్రుకల కుచ్చు కూడా కాస్త పొడుగ్గా ఉంది చూడు అన్నారు.

నిర్ధారణకి రక్తం ల్యాబుకి పంపుదామా, లేక తోక వెంట్రుకలు చాలా అని అడిగాను. ఆయనకి తొందర పని పడి వెళ్ళిపోయారు.

రిటైర్డ్_పశువైద్యుడు (అదే రోజు)
రక్తమే పంపాలి. పెయ్య రక్తంలో కోడె కణాలు తిరుగుతుంటే వాటిలో మగవాటికే ఉండే వై క్రోమోజోము దొరుకుతుంది. వెంట్రుక కుదుళ్ళు దాని సొంత కణాలు, అందులో దొరకకపోవచ్చు. కోడెని ఆబోతుగా పెంచి జన్యు పరీక్ష చేయించాలనుకుంటే మాత్రం తలకిందులు: దాని రక్తం పంపొద్దు, అందులో చెల్లెలి కణాలు కలిసి లెక్క తప్పుతుంది. వెంట్రుకలో, చెవి ముక్కో పంపు. దాని వీర్యం కూడా పరీక్షించాకే వాడుకో, కవల కోడెల్లో కొన్నింటికి నాణ్యత తగ్గుతుంది.

మెట్ట_పాడిరైతు (పదిహేను రోజుల తర్వాత)
రక్తం రిపోర్టు వచ్చింది. వై ఉంది.

కరీంనగర్ అన్నా, ముందే తెలుసుకోవడం వేరని మీరన్న మాట రోజూ గుర్తొచ్చింది. మా పాప దానికి గౌరి అని పేరు పెట్టింది, బడి నుంచి రాగానే దాని గంగడోలు దువ్వుతూ కూర్చుంటుంది. కోడె దాని పక్కనే పడుకుంటుంది. గౌరిని ఉంచుకుంటున్నాం. ఎవరైనా అడిగితే కవల అని, చూడి కట్టదని ముందే చెప్తాను.

తల్లి ఆవు నిన్న ఎదకి వచ్చింది. డాక్టరు గారు ఈ ఎద వదిలేసి వచ్చే ఎదకి చూద్దామన్నారు. కార్డు తీసి చూస్తే పోయినసారి వేసిన ఆబోతు నంబరూ, ఈ ఆవు తండ్రి నంబరూ ఒకటే. ఈసారి వేరే నంబరు అడిగాను.